క్యాను ఎత్తున కుళాయిలు

ఆ డెయిరీకి బడిపిల్లలను రప్పించాలన్నది కోడలి పట్టు. మామగారు ఒక్క గురువారానికి సరేనన్నారు. బడివాళ్ళు మళ్ళీ వస్తామంటే వారం వారం సాగించుకోవచ్చు, రామంటే ఆ ముచ్చట అంతటితో సరి.

కోడలు నెల రోజులు ఆ పని మీదే ఉంది. పశువుల డాక్టర్‌ని అడిగింది. దూడ ఎంత ఆరోగ్యంగా కనిపించినా దాని పేడలో క్రిములుంటాయని, అవి పిల్లల కడుపులోకి పోతే ఆసుపత్రి పాలవుతారని ఆయన చెప్పాడు. చేతికి రాసుకునే జెల్ చాలదు, సబ్బూ పారే నీళ్ళూ ఉండాల్సిందేనన్నాడు. దూడల పాక పక్కన నాలుగు కుళాయిలు పెట్టమని మరిదికి పురమాయించింది. బుధవారం సాయంత్రం, అయిపోయింది వదినా అన్నాడు. ఆమె దూరం నుంచే చూసి సంతోషించింది.

గురువారం ఒకటో తరగతి వాళ్ళు ఇరవై రెండు మంది దిగారు. దూడలకు సీసాలతో పాలు పట్టారు. దూడలు వాళ్ళ మోచేతులు నాకాయి. తర్వాత చేతులు కడుక్కుని, తిండి తిని, ట్రాక్టర్ ఎక్కాలి. ఒంటిగంటకు బస్సు.

పిల్లలు వరసగా వచ్చి కుళాయిల కింద నిలబడి పైకి చూశారు. చేతులు చాచినా అందలేదు.

ఆమె మరిది వైపు చూసింది. అతను నీళ్ళు నమిలాడు. “కుళాయి కింద క్యాను పట్టాలి కదా వదినా.”

ఆ ఇంట్లో మూడు తరాలుగా ఏ కుళాయి బిగించినా గట్టు మీద పాల క్యాను నిలబెట్టే కొలతే. మరో కొలత ఉంటుందని అతనికి తట్టలేదు.

క్యాన్లు బోర్లించి ఎక్కిద్దామన్నాడు మరిది. తడికి జారి పళ్ళు రాలతాయంది టీచరు. ఈ పూటకి జెల్ రాసేద్దాం, ట్రాక్టర్‌కి టైమవుతోందన్నారు మామగారు. అప్పటికే ఒక పిల్ల బొటనవేలు నోటి దాకా తీసుకెళ్ళింది. కోడలు ఆ చెయ్యి పట్టుకుంది.

“ట్రాక్టర్ లేకపోతే పోయె మామయ్యా. చేతులు కడగందే ఒక్క టిఫిన్ డబ్బా మూత తీయనివ్వను.”

ట్రాక్టర్ మాట విని పిల్లలు గోల పెట్టారు. మళ్ళీ ఎవరూ రారని ఆమె లోలోపల తేల్చేసుకుంది. చెంబు తీసుకుంది. ఆమె నీళ్ళు పోస్తుంటే టీచరు సబ్బు రుద్దింది. వేళ్ళ సందులు, గోళ్ళు, మోచేతులు. నలభై నిమిషాలు పట్టింది. తల ప్రాణం తోకకొచ్చింది. సగం మంది అయ్యేసరికి మామగారు రెండో చెంబు అందుకున్నారు.

తిండి అయ్యేసరికి బస్సు హారన్ కొట్టింది. కోడలు క్షమాపణ చెప్పబోయింది. టీచరు చీర కొంగు పిండుకుంటోంది.

“పోయినసారి మేం వెళ్ళినచోట ట్రాక్టర్ మీద బాగానే తిప్పారు. తర్వాత వారం నలుగురు పిల్లలు బడికి రాలేదు” అంది. “వచ్చే గురువారం రెండో సెక్షన్ వాళ్ళని తెస్తాను. కుళాయిలు దించితేనే.”

మామగారు సుద్దముక్క తెమ్మన్నారు. బస్సెక్కబోతున్న బొటనవేలు పిల్లను పిలిచి గోడకు నిలబెట్టారు.

“చెయ్యి చాపమ్మా. అంత కాదు, హాయిగా.”

ఆ చెయ్యి ఉన్నచోట గీత గీసి, చిన్న కొడుకు కోసం కేకేశారు.