రెండోసారి సాక్ష్యం

"రేపు ఢిల్లీ ఆఫీసర్లు షెడ్డుకు వస్తున్నరు. నాటుకోడి వండు. అట్లనే నువ్వొచ్చి మాట్లాడాలె" అన్నాడు కోటేష్, తిన్న కంచంలోనే చేయి కడుక్కుంటూ.

కంచం తీయబోతున్న పుష్ప ఆగింది. "ఏం మాట్లాడాలె?"

"అప్పట్ల చెప్పిందే. మిక్సీ మోటార్లు చుట్టుకుంట బతుకుతున్నమని. బయటి దేశం మిక్సీల మీదేసిన పన్ను ఉంచాల్నా, తీసెయ్యాల్నా అని చూడనీకె వస్తున్నరు."

"నా పని పోయి నాలుగేండ్లాయె గదా."

"ఒక్కపూట చుట్టినట్టు కూసుంటే ఏమైతది? ఇంట్ల ఖాళీగనే ఉంటవు."

ఖాళీగానట. తెల్లారకముందు లేచి రొట్టెలు కాల్చేదెవరు, అత్త మంగ్లికి నీళ్లు కాచేదెవరు, మిరపచేలో కూలోళ్లకు సద్ది మోసేదెవరు? పుష్ప కంచం తీసి పక్కన పెట్టింది. అయిదేళ్ల కిందట బూర్గంపాడు దగ్గరి ఆ షెడ్డులో ఆమె నిజంగానే మోటార్లకు రాగి తీగ చుట్టేది. కోటేష్ అక్కడే సూపర్‌వైజరు. తండాల నుంచి, కోయగూడేల నుంచి వచ్చిన ఆడవాళ్లు ఒకే బెంచీ మీద కూర్చుని పనిచేసేవాళ్లు. విదేశం వాళ్లు తమ దేశంలో అమ్మే ధర కన్నా తక్కువకు మిక్సీలు తెచ్చి ఇక్కడ గుమ్మరిస్తున్నారని కంపెనీ ఫిర్యాదు చేసింది. ఆఫీసర్లు విచారణకు వస్తే పుష్పను ముందుకు తోశారు. కోటేష్ నేర్పిన మాటలన్నీ మరిచిపోయి, "ఈ పని పోతే నేను మళ్లొకరి చెయ్యి చూసుకుంట బతకాలె సార్" అంది. ఆఫీసరు ఆ మాట రాసుకున్నాడు. పన్ను పడింది. స్వీట్లు పంచారు.

ఆరు నెలలు తిరక్కుండానే ఆ దేశం నుంచే మోటార్లు పెట్టెల్లో వచ్చాయి. పన్ను మిక్సీల మీదే గానీ విడి మోటార్ల మీద లేదు. చుట్టేవాళ్లతో ఇక అవసరం తీరిపోయింది. అందరికన్నా ముందు పుష్పను ఇంటికి పంపి, "నా భార్యనే తీసేసిన, ఇగ మీరేమంటరు?" అన్నాడు కోటేష్. పక్కన కూర్చుని చుట్టిన ముత్తక్క మళ్లీ బీడీల తునికాకు కోయడానికి పోయింది. సంతలో ఎదురుపడితే మొహం తిప్పుకుంటుంది. 'మొగుడు సూపర్‌వైజరు, దీనికి తెల్వకుంటదా' అని ఆమె మనసులో ఉంది.

"నన్ను అబద్ధమాడమంటున్నవు" అంది పుష్ప.

"అప్పుడు మాత్రం నిజమా? నువ్వు మాట్లాడకముందే కంపెనోళ్లు బయటి మోటార్లకు ఆర్డర్ పెట్టిన్రు."

"నీకెరుకేనా?"

"సూపర్‌వైజరుకు తెల్వకుంటదా?" ఆవులిస్తూ అన్నాడు.

మోసం చేసింది కంపెనీయేనని ఇన్నేళ్లూ అనుకుంది పుష్ప. మొగుడి చేతిలో ఏముంది, పైవాళ్లు చెప్పింది చేశాడని సర్దుకుంది. అది కాదు. పోబోతున్న పని పోకుండా చూడమని ఆమె బతిమాలుతుంటే, పక్కన నిలబడి తలాడించిన మనిషి ఇతనే. ఆమె గుండెలోంచి వచ్చిన ఆ ఒక్క మాటనీ షెడ్డులో సామానులాగే వాడుకున్నాడు.

మర్నాడు పుష్ప కోడికూర వండింది. షెడ్డుకు వెళ్లింది. కోటేష్ ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి, చేతికి రాగి తీగ ఇచ్చి, వెనక నిలబడ్డాడు.

ఆఫీసరు వంగి మర్యాదగా అడిగాడు. "ఇక్కడ మీరేం పని చేస్తారమ్మా?"

పుష్ప తీగ కింద పెట్టింది.

"ఏ పని చెయ్య సార్. మోటార్లు బయటి దేశంకెల్లే వస్తున్నయి, మమ్ముల నాలుగేండ్ల కిందనే తీసేసిన్రు. తీసేసినాయన నా ఎనకాల్నే ఉన్నడు, అడుగుండ్రి."