నిండు సీసా

కుట్టు షెడ్డులో మరుగుదొడ్డికి తాళం వేసి ఉంచబట్టే వడ్రంగి భార్య చచ్చిపోయింది. డాక్టరు మాత్రం మూత్రపిండాలు పాడయ్యాయని రాసి, "నీళ్లు తాగాలని కూడా తెలియదా మీకు? చదువు లేకపోతే ఇంతే," అన్నాడు. ఆమెకు తెలుసు. తాగితే వెళ్లాలి. వెళ్లాలంటే తాళంచెవి అడుక్కోవాలి.

వడ్రంగికి మోకాళ్లు అరిగి పని తగ్గిపోయాక, అదే షెడ్డులో, తల్లి కుట్టిన మిషను ముందే కూతురు కూర్చుంది. పొద్దున అతను నింపి ఇచ్చిన సీసా సాయంత్రం నిండుగానే తిరిగొస్తోంది. ఈమధ్య నడుం నొప్పంటోంది. తల్లికీ మొదట నడుమే పట్టుకుంది.

"గొంతు తడుపుకునే తీరిక కూడా లేదా అమ్మా?"

"తాళంచెవి సూపర్‌వైజరమ్మ బొడ్లో ఉంటుంది నాన్నా. అడిగితే అందరూ వినేలా, 'ఇందాకేగా పోయొచ్చావు, నీది కడుపా చెరువా' అంటుంది. దానికంటే ఎండిపోవడం నయం."

మర్నాడు అతను కూతురి వెంట షెడ్డుకు వెళ్లాడు. స్క్రూడ్రైవర్ తీసి బయటి గొళ్లేన్ని తాళంతో సహా ఊడదీశాడు. లోపలి గడియ మాత్రం ఉంచాడు.

"ఏమయ్యా పెద్దమనిషీ, ఎవరి సొమ్మనుకున్నావు?" అంది సూపర్‌వైజరమ్మ.

"తాళం వెయ్యడానికి లోపల మీ ముత్తాత దాచిన నిధుందా?"

మిషన్ల వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ సాయంత్రం సీసా ఖాళీగా వచ్చింది. ఆ తర్వాతా రోజూ ఖాళీగానే వచ్చింది. భార్య పోయాక మొదటిసారి అతనికి కంటినిండా నిద్ర పట్టింది.

ఒక సాయంత్రం మేకుల కోసం బయల్దేరాడు. వీధి మలుపులో కూతురు గోడ పక్కన వంగి, సీసా తలకిందులు చేసి నీళ్లు పారబోస్తోంది.

"ఎన్నాళ్ల నుంచి?"

ఆమె మూత బిగించింది. "నువ్వొచ్చి వెళ్లిన పూటే కొత్త గొళ్లెం బిగించారు నాన్నా. నీకు చెప్పి ఏం లాభం?"

"మానెయ్ ఆ పని."

"మానేస్తే? నీ మోకాళ్లు సంపాదించి పెడతాయా?"

ఆ మాట కోపంగా అనలేదు. అలిసిపోయి అంది. ఆమె పెదవులు పొక్కులు లేచి ఉన్నాయి. అతను సీసా అందుకుని, అలవాటు కొద్దీ చేత్తో బరువు చూశాడు.

"రేపటి నుంచి నువ్వే నింపుకో. ఈ సంగతి ఇక నా నోట రాదు," అన్నాడు.

రాలేదు. పిల్లకు ఆ నడుం నొప్పేమిటని ఎవరడిగినా.