అరవయ్యో కార్డు

సరోజ గదిలో ఉన్నది ఒకే ఒక్క కుర్చీ. దాని మీద ఉతికిన తెల్ల యూనిఫారాలు నాలుగు నెలలుగా అలాగే పడున్నాయి. డ్యూటీ లేని నర్సుకు యూనిఫారం ఎందుకు? ఘాజియాబాద్‌లో ఒక నర్సింగ్ హోమ్ మూడో అంతస్తులో, కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ తప్ప మరేమీ కనిపించని ఆ గదిలో, 1994 సెప్టెంబరు నుంచీ ఆమె ఖాళీగా ఉంటోంది. ఉంటోంది అనడం మర్యాద కోసం. ఉంచారు.

జరిగింది చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఆయాసంతో వచ్చిన ఒక పెద్దాయనకు డాక్టరుగారే స్వయంగా ఇంజెక్షన్ వేశారు. ముందు కొంచెం వేసి, పడుతుందో లేదో చూద్దామని ట్రే పట్టుకున్న సరోజ అంది. ఆయన వినలేదు. పది నిమిషాల్లో పెద్దాయన ప్రాణం పోయింది. కొడుకులు వచ్చి గొడవకు దిగేసరికి, కేస్ షీటులో ఇంజెక్షన్ వేసింది సరోజ అని రాసి ఉంది. ఆ చేతిరాత డాక్టరుగారిది.

ఉద్యోగంలో చేరిన రోజు తీసుకున్న ఆమె ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆయన బీరువాలోనే ఉన్నాయి. అవి లేకుండా సొంతూరు తెనాలి వెళ్లినా ఏ ఆసుపత్రీ పనివ్వదు. గేటు దాటడానికి ఆమెకున్న అనుమతి ఒక్క ఆదివారమే, అదీ ప్రార్థనకు, రిజిస్టరులో సంతకం పెట్టి.

ఆ ప్రార్థన సువార్తమ్మ ఆంటీ ఇంట్లో జరిగేది. చుట్టుపక్కల తెలుగు కుటుంబాలన్నీ అక్కడే చేరేవి. ఆంటీ మంచి మనిషే. గోంగూర చేసిన రోజున సరోజకు డబ్బాలో కట్టి ఇవ్వనిదే పంపదు. చిక్కల్లా ఆ డబ్బాతోపాటు ఇచ్చే సలహాతోనే.

“దేవుడు ఊరికే కొట్టడమ్మాయ్. నీలో దాచుకున్న పాపం ఏదో ఉండే ఉంటది. వెతుక్కో,” అనేది ప్రతి వారం.

సరోజ నిజంగానే వెతుక్కుంది. నర్సింగ్ స్కూల్ హాస్టల్లో ఎవరిదో మాగాయ దొంగిలించి తిన్న సంగతి దొరికింది. మాగాయకు ఇంత శిక్షా అని ఒళ్లు మండింది. తర్వాత ఏడుపొచ్చింది. నేనేం చేశానయ్యా అని రోజూ ఆ గోడకేసి చూస్తూ అడిగేది. అడగడం మాత్రం మానలేదు.

డిసెంబరులో ఆంటీ ఆమెకు ఒక పని అప్పజెప్పింది. కొత్త సంవత్సరం రోజున వాగ్దానపు కార్డులు తీయడం వాళ్ల ఆనవాయితీ. పళ్లెంలో బోర్లించిన కార్డుల్లోంచి ఒక్కొక్కరు ఒకటి తీస్తారు. ఎవరికి ఏ వాక్యం వస్తే, ఆ ఏడాదికి దేవుడు వాళ్లకిచ్చిన మాట అదే. సరోజ చేతిరాత గుండ్రంగా ఉంటుంది, పైగా చేతినిండా తీరిక. అరవై అట్టముక్కలు, వాక్యాల జాబితా ఇచ్చి, అన్నీ దీవెనలేనని, ఏడుపువి ఒక్కటి కూడా ఉండకూడదని ఆంటీ మరీ మరీ చెప్పింది.

సరోజ కూర్చుని అందరి దీవెనలూ రాసింది. జాబితాలో ఉన్నవి యాభై తొమ్మిదే. మిగిలిన అట్టముక్క మీద వాళ్లమ్మ జ్వరమొచ్చినప్పుడల్లా చెప్పుకునే మాట రాసింది. అందులో కష్టం తీరుస్తాననే హామీ లేదు, కష్టంలో తోడుంటాననే మాట మాత్రమే ఉంది. ఇదెవరికొస్తుందో పాపం, అనుకుంది కూడా.

ఆ వారమే డాక్టరుగారు పిలిచి టైపు కొట్టిన కాగితం ఒకటి ముందు పెట్టారు. ఎవరికీ చెప్పకుండా నేనే ఇంజెక్షన్ వేశానని దాని సారాంశం. సంతకం పెడితే సర్టిఫికెట్లు చేతికిస్తానని, రైలు తానే ఎక్కిస్తానని, ఒకటో తారీకు సాయంత్రానికల్లా తేల్చుకోమని, బేటీ బేటీ అంటూ మెత్తగానే చెప్పారు.

సరోజకు ఇంటికెళ్లాలని ఎంతగా ఉందంటే, స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినిపిస్తే అన్నం ముందు నుంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్లేది. ఆమె కార్డుల కట్ట విప్పింది. మూసిన తలుపు తెరుస్తానన్న వాగ్దానం తీసి, దాని మూల గోటితో కొంచెం మడిచింది. అది తన చేతికొస్తే సంతకం పెట్టమని దేవుడే చెప్పినట్టు. ఎలాగూ వస్తుంది.

ఒకటో తారీకు ఆదివారమే అయింది. పళ్లెం సరోజ ముందుకు వచ్చేసరికి మడిచిన మూల పైకే కనిపిస్తోంది. వేళ్లు దాని మీదే ఆగాయి. అప్పుడామెకు కేస్ షీటు గుర్తొచ్చింది. ఆయన తన చేత్తో ఆమె పేరు రాసి, ఇదే నిజమన్నాడు. ఆమె తన చేత్తో రాసి మడిచి, ఇదే దేవుడి మాటనబోతోంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కళ్లు మూసుకుని పక్కనున్న కార్డేదో తీసింది.

ఆంటీ అందుకుని పైకి చదివింది. చదివి ముఖం చిట్లించింది.

“ఇది నేనిచ్చింది కాదే. ఉండమ్మాయ్, నీకసలే బాగోలేదు, ఇంకోటి తీసుకో,” అని పళ్లెం మళ్లీ చాపింది. మడిచిన మూల ఇంకా అక్కడే ఉంది.

సరోజ దానివైపు చూసింది. తెనాలి కనిపించింది.

“వద్దాంటీ. నాకిదే రానీయండి.”

సాయంత్రం ఆమె కాగితాన్ని సంతకం పెట్టకుండా అలాగే తీసుకెళ్లి డాక్టరుగారి బల్ల మీద పెట్టింది. “మైనే నహీ లగాయా, సర్,” అంది, ఇంజెక్షన్ తను వేయలేదని. ఆయన కేకలేమీ వేయలేదు. కాగితాన్ని సర్టిఫికెట్లతో పాటు బీరువాలో పెట్టి తాళం వేశారు. చౌకీదారును పిలిచి, ఇకమీదట ఆదివారాలు కూడా ఈమెను పంపొద్దన్నారు.

సరోజ మూడంతస్తులూ ఎక్కి గదిలోకొచ్చి తలుపేసుకుంది. కోపం, భయం రెండూ ఉన్నాయి. కిటికీ అవతల గోడ ఎక్కడికీ పోలేదు. కార్డు కిటికీ ఊచకు ఆనించి, కాసేపు దాన్ని పోట్లాటకొచ్చినదానిలా చూసింది. తర్వాత కుర్చీ మీది యూనిఫారాలన్నీ ఎత్తి మంచం మీద పడేసి, కొంగుతో కుర్చీ తుడిచింది.

“తోడుంటానన్నావుగా,” అంది. “కూర్చో మరి.”