చెయ్యి కలిపిన పాపానికి

గురువారం ఉదయం విన్నీ గార్‌సైడ్ పార్లమెంటు టీ గదిలోకి అడుగు పెట్టేసరికి ఒళ్లంతా మండిపోతోంది. మూలన హ్యూ ట్రెమ్లెట్ కాల్చిన రొట్టెకు నారింజ జామ్ పూసుకుంటూ కూర్చున్నాడు. అధికారపక్షం మనిషి, తరతరాల జమీందారీ బిడ్డ. విన్నీది ప్రతిపక్షం, తల్లి నూలు మిల్లు కూలీ. అయినా పద్దెనిమిదేళ్లుగా ఇద్దరూ సభలో జత.

జత అంటే మరేం లేదు. ఇటు మనిషి ఓటింగుకు రాలేకపోతే అటు మనిషి కూడా ఓటు వేయకుండా ఊరుకుంటాడు. లెక్కకు లెక్క సరి. సంతకాల్లేవు, సాక్షుల్లేవు, చెయ్యి కలిపితే చాలు. నిన్న విన్నీ భర్త ఆర్థర్‌కు లీడ్స్‌లో గుండె ఆపరేషన్. హ్యూతో చెయ్యి కలిపి ఆమె రైలెక్కింది. ఆమె అటు వెళ్లగానే హ్యూ ఇటు ఓటు వేశాడు.

వేసింది కూడా దేనికని! విన్నీ ఊరు స్కార్‌బెక్‌లో ఉన్న ఒక్కగానొక్క కాన్పుల ఆసుపత్రిని మంత్రి ఒక్క కలం పోటుతో మూయించాడు. ఊరివాళ్ల మాట వినకుండా మూయకూడదని చట్టం ఉంది. ఆయన వినలేదు. ఊరు కోర్టుకెక్కింది. ముగ్గురు జడ్జీలు ఆ ఉత్తర్వు చెల్లదన్నారు. ఓడిన మంత్రి సిగ్గుపడ్డాడా? ఒక్క పేజీ బిల్లు తెచ్చాడు. ఏ కోర్టు ఏమన్నా సరే, ఆ ఉత్తర్వు పుట్టిన రోజు నుంచీ చెల్లినట్టే అనుకోవాలట! అనుకూలం రెండొందల ఎనభై ఎనిమిది, వ్యతిరేకం రెండొందల ఎనభై ఏడు. హ్యూ మాట మీద నిలబడి ఉంటే సరిసమానం. అప్పుడు స్పీకరు ఆనవాయితీ ప్రకారం బిల్లుకు వ్యతిరేకంగా ఓటు వేసేవాడు, దాని పీడ విరగడయ్యేది.

"ఆర్థర్ ఎలా ఉన్నాడు?" అన్నాడు హ్యూ, తలెత్తకుండా.

"బతికాడు. నువ్వే చచ్చావు."

"మెల్లగా విన్నీ, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. చూడాలనే వచ్చాను."

"మా పార్టీ విప్ నా మెడ మీద కూర్చున్నాడు. ఒక్క ఓటు తగ్గితే ప్రభుత్వం పరువు గంగలో కలుస్తుందన్నాడు. నన్నేం చెయ్యమంటావు? అయినా... అది ఎక్కడా రాసి లేదుగా."

"ఈ దేశంలో ఏది రాసుంది నాయనా? ఓడిన ప్రధాని మూటాముల్లె సర్దుకుని పోవాలని రాసుందా? మనం చేసిన చట్టాన్ని రాణి కాదనకూడదని రాసుందా? మనం ఏ చట్టమైనా చెయ్యొచ్చు, ఏ కోర్టూ అడ్డం రాదు. మనల్ని ఆపేది సిగ్గొక్కటే. దాన్ని కూడా నువ్వు రొట్టెకు పూసుకుని తినేశావు!"

హ్యూ కంచం పక్కకు నెట్టాడు. "క్షమించమని ఉత్తరం రాస్తాను, సరేనా?"

"అది మాత్రం రాస్తావన్నమాట!"

పార్టీ లాయరుని అడిగితే ఆయనా చేతులెత్తేశాడు. సభలో ఎవరు ఎలా ఓటు వేశారో ఏ కోర్టూ అడగదట. శుక్రవారానికల్లా పెద్దల సభా తలూపింది, రాణి ఆమోదమూ అయిపోయింది. మంచి పనులకు ఏళ్లు పట్టే చోట ఈ పాడుపనికి మూడు రోజులు సరిపోయాయి.

శనివారం ఉదయం ఎప్పటిలాగే స్కార్‌బెక్ గ్రంథాలయం వెనక గదిలో, ఊరివాళ్ల గోడు వినడానికి కూర్చుంది విన్నీ. మొదట వచ్చింది నోరా సగ్డెన్. డెబ్బై ఆరేళ్ల మనిషి, విన్నీ తల్లితో ఒకే మగ్గం వరసలో పనిచేసింది. ఊరి తరఫున కేసు వేసింది ఆమే. తీర్పు కాగితం బల్ల మీద పెట్టింది.

"ఏమే విన్నీ, కోర్టులో మనం గెలిచామా, లేదా?"

"గెలిచాం అత్తా."

"మరి ఆసుపత్రికి తాళమెందుకుంది?"

"గెలిచినా లాభం లేకుండా చట్టం చేసేశారు."

"జరిగింది జరగలేదని చట్టం చేస్తారా? అయితే మా ఆయన చావలేదని కూడా ఒకటి చెయ్యమను. రాత్రికి ఇంటికొస్తాడు."

విన్నీ జత సంగతంతా చెప్పింది. హ్యూను, వాడి విప్‌ను, వాళ్ల ఏడు తరాలనూ కలిపి తిట్టింది. నోరా ఆసాంతం విన్నది.

"ముగ్గురు జడ్జీలు రాసిచ్చిన కాగితాన్నే వాళ్లు లెక్కచెయ్యలేదు," అంది చివరికి. "నువ్వు వాళ్లలో ఒకడి నోటిమాట నమ్మి రైలెక్కావా?"

"అక్కడ అందరం అలాగే నమ్ముతాం అత్తా. ఆర్థర్‌కు ఆపరేషన్..."

"ఆపరేషన్ చేసింది డాక్టరు. నువ్వు చెయ్యాల్సిన పని సభలో ఓటెయ్యడం. మా మనవరాలు ఐవీకి ఫిబ్రవరిలో నెలలు నిండుతాయి. మంచు పడితే కొండదారి మూసేస్తారు. నొప్పులొస్తే పక్క ఊరి ఆసుపత్రికి ఇరవై రెండు మైళ్లు దాన్ని ఎవరు మోస్తారే? నువ్వా? హ్యూవా?"

బయట బెంచీల మీద ఇంకా తొమ్మిదిమంది తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. నోరా లేచి తలుపు బార్లా తెరిచింది.

"అందరూ ఒక్కసారే లోపలికి రండి," అంది. "మనం ఓట్లేసి పంపిన మనిషి ఏం చేసొచ్చిందో తనే చెబుతుంది."