దీపాలు మాత్రం వెలుగుతున్నాయి

పెద్దమ్మ మూడు పూటలా తిట్టిపోసే వస్తువు ఒకటుండేది. పెద్దనాన్న ముందుగదిలో నిలబెట్టిన పాతకాలపు మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటరు. బీరువాలంతేసి పెట్టెలు. మూతబడిన కంపెనీవాళ్ళు పారేస్తుంటే తెచ్చుకుని, ఏళ్ళ తరబడి బాగుచేశాడు. దానికోసం కూతురి మంచం వసారాలోకి పోయింది. "దీన్నే కట్టుకోవాల్సింది, మధ్యలో నన్నెందుకు కట్టుకున్నారు" అని ఆవిడ అనని రోజు లేదు. అలా అంటూనే ఒక్కో సర్క్యూట్ బోర్డునూ వంటింటి తొట్టిలో మెత్తటి బ్రష్షుతో కడిగి ఆరబెట్టింది ఆవిడే. చలికాలం పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని, వేడిగాలి వచ్చే దాని వెనక తలుపుకి మోకాళ్ళు ఆనించి కూర్చునేదీ ఆవిడే.

పెద్దనాన్నకి చూపు మందగించి, ఊడిన తీగలకి టంకం పెట్టి అతికించడం చేతకాకుండా పోయాక, మ్యూజియం మేనేజరు వచ్చి దాన్ని అడిగాడు. "ప్రతి ఆదివారం నడిపిస్తాం సార్" అన్నాడు. ఆ ఒక్క మాట మీద ఇచ్చేశాడాయన.

తీరా మ్యూజియంలో దాని ప్రారంభం నాటికి ఆయన కాలు బెణికింది. "నువ్వెళ్ళు. బాగా నడుస్తోందో లేదో ఫోను చెయ్యి, చాలు" అని పెద్దమ్మకి తన చెల్లెల్ని తోడిచ్చి పంపాడు.

హాలు నిండా జనం. ఎర్రదీపాలు, పచ్చదీపాలు బట్టల కొట్టు ముందర వెలిగినట్టు వెలిగి ఆరుతున్నాయి.

"వదినా, నీ సవతి ఎంత ముస్తాబైందో చూడు" అంది ఆడపడుచు.

పెద్దమ్మ నవ్వి, అలవాటు కొద్దీ వెనక్కి వెళ్ళి మోకాళ్ళు ఆనించింది. తలుపు చల్లగా ఉంది. తెరిచి చూస్తే లోపల ఏమీ లేదు. అడుగున అగ్గిపెట్టెంత డబ్బా, దాన్నుంచి దీపాలకి నాలుగు తీగలు, అంతే.

మేనేజర్ని పిలిచింది. "లోపలి బోర్డులేవి బాబూ?"

"అది నడిస్తే వేడి, చప్పుడు, బోలెడు కరెంటు అమ్మా. చూసేవాళ్ళకి దీపాలు వెలిగితే చాలు. బోర్డులు వెనక గదిలో పడేశాం. సాయంత్రం పాతసామాన్లవాడు వస్తాడు."

"ఆదివారం ఆదివారం నడిపిస్తానని ఆయనతో అన్నది నువ్వేనా, నీలాంటివాడు ఇంకెవడైనానా?"

మేనేజరు గొంతు తగ్గించాడు. "సార్‌కి బాగా నడుస్తోందని చెప్పండమ్మా. పెద్దాయన, సంతోషిస్తారు."

అంతవరకూ కోపమే. ఈ మాటతో ఆవిడ ఒళ్ళు భగ్గున మండింది. మోసం చేసినవాడు చేసి ఊరుకోక, దాన్ని ఆవిడ నోటితోనే మొగుడికి మోసుకెళ్ళమంటున్నాడు.

ఆవిడ గొంతు పెంచలేదు. వెనక తలుపులు రెండూ బార్లా తీసి, పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇటు రండమ్మా. అటు ఉన్నవి దీపాలే. అసలు సంగతి ఇక్కడుంది."

ఒకాయన వంగి చూశాడు. "ఖాళీగా ఉందేంటండీ?"

"అదిగో, ఆ బాబునడగండి. ఖాళీ చేసింది ఆయనే."

జనం అటే మళ్ళారు. ఆడపడుచు వరసకి కాపలా నిలబడింది. "తోసుకోకండి, ఖాళీయేగా, ఎక్కడికీ పోదు."

మేనేజరు చెమటలు తుడుచుకున్నాడు. "తలుపులు వెయ్యండమ్మా, పరువు పోతోంది."

"వేస్తాను. ముందు బండి పిలిచి, బోర్డులన్నీ, ఈ పెట్టెలూ ఎక్కించు."

"పెట్టెలు కూడానా?"

"లేకపోతే బోర్డుల్ని నా నెత్తిన పెట్టుకోమంటావా?"

బోర్డులు రంగు డబ్బాల కింద దొరికాయి. కొన్నిటి అంచులు విరిగాయి, కొన్నిటి తీగలు ఊడాయి. తను కడిగిన బోర్డులవి. వాటి మీది దుమ్ము ఊది, ఒక్కోదాన్నీ కొంగుతో తుడిచింది. బండి ఎక్కాక ఫోను చేసింది.

"ఏమే, నడుస్తోందా?" అన్నాడు పెద్దనాన్న.

"లేదు. ఇంటికొస్తోంది. మంచం మళ్ళీ వసారాలోకి పోవాలి. మీరు కదపకండి, నేనొచ్చి జరుపుతాను."

జరిగినదంతా విన్నాడాయన. "నాకు కళ్ళు కనపడవుగా. టంకం ఎవరు పెడతారే?"

"నా కళ్ళకేమొచ్చింది? ఎలా పెట్టాలో మీరు నోటితో చెప్పండి" అంది పెద్దమ్మ, ఒళ్ళో ఉన్న విరిగిన బోర్డుని కుదుపులకి జారకుండా పట్టుకుంటూ.