వర్కినేష్ గోనెసంచి

నేను ఒక గోనెసంచిని. నా ముందువైపు నల్లసిరాతో ఒక ఆడమనిషి పేరు అచ్చువేసి ఉంది: వర్కినేష్. ఆ పేరు పెట్టుకుని నలుగురిలో నిలబడాలంటే ఇప్పుడు నాకు సిగ్గుతో చచ్చినంత పనవుతోంది. ఎందుకో చెబుతాను.

ఇథియోపియాలో సిదామా అనే కొండసీమలో ఒక చిన్న కాఫీ తోట. వర్కినేష్, ఆమె మొగుడు, పిల్లలు కలిసి సాగు చేస్తారు. పళ్ళు కోసి, మంచెల మీద ఆరబోసి, రోజంతా చేత్తో కలియబెడుతూనే ఉంటారు. మబ్బు కమ్మితే చాలు, తింటున్న కంచం వదిలేసి పట్టాలు కప్పడానికి పరుగెత్తుతుంది ఆమె. అంత చాకిరీ చేసినా ఆ గింజలు ఏటా ఊరందరి గింజల్లో కలిసిపోయి, ఊరూ పేరూ లేకుండా ఓడెక్కేవి. ఆ ఏడాదే మొదటిసారి వేరుగా, ఆమె పేరుతో బయలుదేరాయి. నా మూతి కుట్టేముందు వర్కినేష్ ఆ అక్షరాలు తడిమి, "మా పరువు నిలబెట్టు," అంది. గోనెతో మాట్లాడే మనుషులు ఎంతమంది ఉంటారు చెప్పండి! పొంగిపోయాను.

విశాఖపట్నంలో పైడిరాజు అనే అతని కాఫీ కొట్లో దిగాను. మంచివాడే. మొదట్లో ఆ గింజల్ని కళ్ళకద్దుకునేవాడు. వచ్చినవాళ్ళు మాత్రం ఒక గుక్క తాగి, "ఏటిది, ఇంత పుల్లగా ఉంది? పాలు పొయ్యి బాబూ," అనేవాళ్ళు. అని, నా పక్కన నిలబడి ఫొటోలు దిగేవాళ్ళు. మనుషులకు రుచికంటే దూరం మీద మోజెక్కువ.

గింజలైపోయాయి. నన్ను పారేస్తాడనుకున్నాను. అరకు కొండల గింజలు తెచ్చి నాలో నింపి, ఇథియోపియా కాఫీ అని అమ్మడం మొదలుపెట్టాడు. అవీ మేలైన గింజలే. వాటి వెనకా ఒక కుటుంబం చాకిరీ ఉంది. నా పొట్టలో పడి వాళ్ళ పేరూ గల్లంతయింది.

ఒక సాయంత్రం, ఇక్కడి యూనివర్సిటీలో చదువుకుంటూ తెలుగు నేర్చిన అమ్మాయి వచ్చింది. నన్ను చూసి సంతోషంతో కేకేసింది. వర్కినేష్ కూతురు హిరుత్!

"అన్నా, ఇది మా అమ్మ పేరు! మా తోట!"

పైడిరాజు ముఖాన నెత్తురుచుక్క లేదు. కప్పు నింపి ఇచ్చాడు. ఆ పిల్ల అప్పటికే తల్లికి వీడియో కాల్ కలిపి నన్ను చూపిస్తోంది. తర్వాత ఒక గుక్క తాగింది. నవ్వు ఆగిపోయింది. పుట్టినప్పటినుంచి తాగిన కాఫీ, ఆమెకు తెలియదా?

"తాగావా? మనదేనా?" ఫోన్లోంచి వర్కినేష్ ఆత్రంగా వాళ్ళ భాషలో అడిగింది. అక్కడ ఆ భాష తెలిసింది హిరుత్ తర్వాత నాకే.

హిరుత్ పైడిరాజు వైపు చూసింది. అతను తుడిచిన బల్లనే మళ్ళీ తుడుస్తున్నాడు.

"మనదేనమ్మా," అంది.

తల్లి ఏడుస్తూ నవ్వుతూ ఏదో చెప్పింది. హిరుత్ అతనికి తెలుగులో చెప్పింది: "మా పేరు కాపాడినావంట. నువ్వు చల్లగా ఉండాలంట."

ఫోన్ పెట్టేశాక పైడిరాజు, "తప్పయిపోనాదమ్మా," అన్నాడు.

ఆమె కప్పు పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చింది. రెండు చేతులా పట్టుకుని, తల్లి పేరు గోడవైపు ఉండేలా నన్ను తిప్పేసి వెళ్ళిపోయింది.

పైడిరాజు మళ్ళీ ఇటు తిప్పలేదు. తిప్పమని అడిగే ముఖం నాకూ లేదు.