పిండి గిన్నెలో మంచు బండి

సుచిత్ర భర్తకు దురలవాట్లు లేవు. సిగరెట్టు కాల్చరు, పేకాడరు, ఆదివారం చర్చికి పాస్టరు గారికంటే ముందే వెళ్లి కూర్చుంటారు. ఇంత మంచి మనిషితో ఎలా వేగుతున్నావమ్మా అని ఆమెను ఎవరూ అడగరు. అదే ఆమె బాధ. ఆయనకున్న లోపం ఒక్కటే. శామ్యూల్ రాజ్ గారు తప్పు చెయ్యరు.

ఒకసారి అవనిగడ్డలో పెళ్లికని బయల్దేరదీసి భార్యను గుడివాడ బస్సెక్కించారు. సగం దారిలో సంగతి బయటపడింది. "ఏవండీ, మనం వెళ్లాల్సింది ఇటు కాదేమో" అంటే, "గుడివాడలో మాత్రం పెళ్లిళ్లు జరగవా ఏంటి?" అన్నారు. నిజంగానే గుడివాడలో దిగి, చెరుకురసం తాగి, ఆ బస్సులోనే తిరిగొచ్చారు. ఇప్పటికీ ఎవరైనా అడిగితే ఆ రోజు అవనిగడ్డ బస్సులే తిరగలేదంటారు.

బందరు హార్బరు దారిలో, చేపలకూ రొయ్యలకూ ఐసు వేసే ఫ్యాక్టరీకి ఆయన మేనేజరు. చలి గురించీ, ఐసు గురించీ తనంత తెలిసినవాడు జిల్లాలో లేడని ఆయన నమ్మకం. నిజమే కావచ్చు. బందరులో ఆ విషయంలో పోటీకి వచ్చేదెవరు?

ఆయన తమ్ముడు మార్కు సైన్యంలో వంటవాడిగా చేరి, కొండల్లో కొన్ని వేలమందికి పప్పు వండిపెట్టి రిటైరయ్యాడు. హిమాచల్‌లోనే ఒక ఊళ్లో ఇల్లు తీసుకుని ఉండిపోయాడు. చలికాలం వచ్చే టూరిస్టులను మంచులో తిప్పడానికి స్నోమొబైల్ కొనాలని అతని ఆలోచన. ముందు చక్రాల చోట మంచు మీద జారే రెండు స్కీ పలకలు, వెనక చక్రం చోట పళ్లున్న రబ్బరు పట్టా. మోటార్ సైకిల్ మీద కూర్చున్నట్టే కూర్చుని మంచు మీద పోవడమే. ఊరి పక్కన తొక్కి గట్టిపరిచిన బాట మీద పిల్లా పెద్దా అందరినీ తిప్పాలి. సరదాపడేవాళ్లను కొండమీదికీ తీసుకెళ్లాలి. ఈ రెండు పనులకూ కొనేది ఒకటే బండి.

ఆ కుటుంబంలో ఇంజనున్న వస్తువేదైనా శామ్యూల్ రాజ్ గారు తలూపాకే కొనాలి. మోపెడ్ నుంచి మిక్సీ దాకా అదే ఆనవాయితీ. కాబట్టి మార్కు కూడా, మంచులో నిలబడి, మంచే చూడని అన్నయ్యకు ఫోన్ చేశాడు.

"నా దగ్గరున్నదంతా దీంట్లోనే పెడుతున్నా అన్నయ్యా. బండి కుదరలేదంటే ఈ సీజను పోయినట్టే. నువ్వే చూసి చెప్పాలి."

"కంగారుపడకు. కుదరకపోతే మన ఫ్యాక్టరీ గేటు దగ్గర కుర్చీ ఉందిగా. వచ్చే పోయే బళ్లు చూసుకుందువుగానీ."

ఆ కుర్చీని శామ్యూల్ రాజ్ గారు అప్పటికే తుడిపించి ఉంచారు. తమ్ముడి మీద ప్రేమతోనే. సుచిత్రకు మాత్రం ఆ కుర్చీ తలుచుకుంటేనే గుండె బరువెక్కేది. ఆ ఇంట్లో ఆమె జోకులకు నవ్వే ఒకే ఒక్క మనిషి మార్కు. గేటు దగ్గర కూర్చుని, రోజుకు పదిసార్లు అన్నయ్య చెప్పే మంచిమాటలు వింటూ, అతను నవ్వడం మర్చిపోతాడు.

డీలరు మూడు రకాలు చూపించాడట. పట్టా పొట్టిగా ఉన్నది, పొడుగ్గా పెద్ద పెద్ద పళ్లున్నది, రెండింటికీ మధ్యరకం.

"మధ్యరకం వద్దు. అటూ ఇటూ కాని వస్తువు ఎటూ పనికిరాదు" అన్నారు శామ్యూల్ రాజ్ గారు ఫోన్లోనే. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన మాటకు సుచిత్ర మనస్ఫూర్తిగా తలూపిన సందర్భం అదొక్కటే. అక్కడి నుంచి దారులు వేరయ్యాయి.

మర్నాడు ఆయన ఆమెను ఫ్యాక్టరీకి తీసుకెళ్లారు. అచ్చులోంచి అప్పుడే తీసిన ఐసు దిమ్మ మీద చెప్పుకాలుతో టకటకా తన్నారు.

"చూశావా? రాయి. దిగబడే ప్రశ్నే లేదు. పొట్టి పట్టా, పెద్ద ఇంజను. అంతే."

"అక్కడ కొండమీద కూడా ఇలా దిమ్మలు పేర్చి ఉంటాయాండీ?"

"ఐసు ఎక్కడైనా ఐసే సుచిత్రా."

ఆ సాయంత్రం మార్కు వీడియో కాల్ చేశాడు. "వందనాలు వదినా! ఇదిగో చూడు మా ఊరి మంచు" అంటూ ఇంటి వెనక వాలులోకి చెయ్యి పెట్టాడు. మోచేతిదాకా దిగిపోయింది. గుప్పెడు తీసి ఊదితే పొడిపొడిగా ఎగిరిపోయింది.

సుచిత్ర అప్పుడు క్రిస్మస్ జంతికలకు బియ్యప్పిండి జల్లిస్తోంది. ఫోన్లో మంచు వైపు చూసింది, పళ్లెంలో పిండి వైపు చూసింది. ఫోన్ పెట్టేశాక భర్తను వంటింట్లోకి పిలిచింది.

"ఇలా రండి. దిమ్మ కాదు, ఇదీ మంచంటే."

పెద్ద గిన్నెలో పిండి వదులుగా పోసింది. దానిమీద అగ్గిపెట్టె పెట్టి, పైన చిన్న తూకం రాయి ఉంచింది. అగ్గిపెట్టె పిండిలోకి వెళ్లి మళ్లీ కనబడలేదు. ఆ తర్వాత కుట్టుమిషను సొరుగులోంచి చెక్క స్కేలు తెచ్చి పడుకోబెట్టి, అదే రాయి దానిమీద పెట్టింది. స్కేలు హాయిగా తేలింది.

"పొడుగ్గా ఉంటే బరువు పంచుకుంటుందండీ. మా ఊరు పామిడిముక్కలలో నాట్లకు ముందు పొలం దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు ఇనప చక్రాలు ఎందుకేస్తారు? మామూలు టైర్లతో దిగితే బురదలో కూర్చుంటుందనేగా. పెద్ద పళ్లుంటేనే పట్టు."

శామ్యూల్ రాజ్ గారు స్కేలును వేలితో నొక్కి చూశారు. "పిండి వేస్టు చేశావు" అని చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయారు.

వీధి చివరిదాకా వెళ్లొచ్చి, వరండాలో నిలబడి తమ్ముడికి ఫోన్ చేశారు. "మార్కూ, నేను బాగా ఆలోచించాను. పొడుగు పట్టాది తీసుకో. ఎందుకంటావా? ట్రాక్టరుకు దమ్ములో ఇనప చక్రాలు ఎందుకేస్తారు చెప్పు?"

వంటింట్లో సుచిత్ర జంతికల గొట్టం తిప్పుతూ నవ్వుకుంది. మాట ఎవరి పేరున వెళ్తేనేం, కుర్చీ ఖాళీగా ఉంటే చాలు. నిజం చెప్పాలంటే ఆ వారమంతా ఆమె నేలకు కాస్త ఎత్తునే నడిచింది. చర్చిలో పక్కన కూర్చున్న దయామణి గారు "ఏంటమ్మా, ముఖం వెలిగిపోతోంది" అని అడిగేదాకా ఆ సంగతి ఆమెకే తెలియలేదు.

ఆ తర్వాతి వారం రెండో విడత జంతికలు మూకుడులో ఉండగా మార్కు ఫోన్ వచ్చింది. శామ్యూల్ రాజ్ గారు స్పీకరు పెట్టి బల్లమీద ఉంచారు. పొగడ్తలు భార్య కూడా వింటే బాగుంటుందని కాబోలు.

"అన్నయ్యా, బండి నడిపి చూశాను." మార్కు గొంతులో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు. "కొండమీద బానే ఎక్కింది. ఇబ్బందల్లా కిందే. గట్టిబాట మీద మలుపు తిరగనంటుంది. గట్టిగా తిప్పితే వెనకున్నవాళ్లు బెదిరిపోతున్నారు. కాసేపటికే ఇంజను వేడెక్కి ఎర్రలైటు. వదులు మంచు లేచి లోపల పడుతుంటేనే చల్లబడుతుందట. గట్టిబాట మీద వదులు మంచెక్కడిది? వచ్చేవాళ్లలో ముప్పాతికమంది బాట మీదే తిరుగుతారు."

"నువ్వు సరిగా నడపలేదేమో" అన్నారు శామ్యూల్ రాజ్ గారు, అలవాటుకొద్దీ.

"ఏమో అన్నయ్యా. నాకు చేతకాదేమోలే. ఆ గేటు దగ్గర కుర్చీ... ఇంకా ఉందా?"

సుచిత్ర చేతిలో చిల్లుల గరిటె ఆగిపోయింది. మూకుడులో జంతికలు బంగారు రంగు దాటి గోధుమ రంగులోకి తిరుగుతున్నాయి. ఆమె భర్త వైపు చూసింది. 'మీ వదిన చెప్పింది' అని ఒక్కమాట అంటే ఆయన తప్పించుకోవచ్చు. ఆ మాటే రావడంలేదు. తప్పు ఒప్పుకోవడం ఆయనకు ఎంత కష్టమో, పెళ్లాం మాట విన్నానని ఒప్పుకోవడం అంతకు రెట్టింపు కష్టం. రెంటి మధ్యా మనిషి ఇరుక్కుపోయారు.

ఆ నోట్లోంచి 'తప్పు' అనే మాట వినాలని ఆమె ఇన్నేళ్లు ఎదురుచూసింది. తీరా సమయం వచ్చేసరికి, తప్పు ఆమెదై కూర్చుంది.

సుచిత్ర స్టవ్ ఆపింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని ఫోన్ దగ్గరికి వచ్చింది.

"మార్కూ, నేనయ్యా. ఆ పొడుగు పట్టా మీ అన్నయ్య చెప్పింది కాదు. పిండి గిన్నెలో స్కేలు పెట్టి నేను తేల్చింది."

"వదినా?"

"మా నాన్న దమ్ము అయ్యాక ఇనప చక్రాలతో ట్రాక్టరును తారురోడ్డు ఎక్కనిచ్చేవాడు కాదు. ఊడదీసి టైర్లు వేశాకే రోడ్డు. కళ్లారా చూసిందాన్ని. పొలం గుర్తుపెట్టుకుని రోడ్డు మర్చిపోయాను." ఈ మాట ఇంత గరుకుగా ఉంటుందని ఆమెకు ఇప్పుడే తెలిసింది. "తప్పు నాది."

అవతల మార్కు ఊపిరి వదలడం వినిపించింది. "నువ్వా వదినా! అయితే చెప్పేస్తా. డీలరు మధ్యరకానికి మార్చిస్తానంటున్నాడు. అది రెండు చోట్లా తిరుగుతుందట. అన్నయ్య వద్దన్నాడని అడగడానికి భయపడ్డా."

మధ్యరకం వద్దన్నప్పుడు తానూ తలూపిందని చెప్పడానికి సుచిత్ర నోరు తెరవబోయింది. ఇంతలో శామ్యూల్ రాజ్ గారు ఫోన్ తన వైపు లాక్కున్నారు. ఇంట్లో జరిగిన తప్పంతా భార్య ఒక్కతే పట్టుకుపోవడం ఆయనకు నచ్చినట్టు లేదు.

"మార్చేసుకో. ఆ కుర్చీ ఎవరికైనా ఇచ్చేస్తాలే" అన్నారు. తర్వాత మాడిన జంతికల వైపు చూస్తూ, ఐసు దిమ్మను ఒంటిచేత్తో లేపుతున్నంత కష్టంగా, "మధ్యరకం వద్దని ముందన్నది నేను. అది... అది నా తప్పేరా" అన్నారు.